వాహన సందేహాలు: నెలల తరబడి కదలని కారు

వేసవి దగ్గర పడేకొద్దీ ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో విదేశీ ప్రయాణాల ప్రస్తావన పెరుగుతుంది. పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు, ఆన్‌సైట్‌కు వెళ్లే ఉద్యోగులు ఇంటి తాళాలు ఎవరికి ఇవ్వాలో, తులసికోటకు ఎవరు నీళ్లు పోయాలో ముందే ఆలోచించి పెట్టుకుంటారు గాని, కారు సంగతి మాత్రం సూట్‌కేసులు సర్దే వారంలోనే గుర్తొస్తుంది. అందుకే ఈసారి ఆ ఒక్క విషయం మీద వచ్చిన ఉత్తరాలకే చోటిస్తున్నాం.

ప్రశ్న: నేను విశ్రాంత ఉపాధ్యాయుణ్ని. అమెరికాలో ఉన్న మా అమ్మాయి పురుటికి నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. తిరిగి వచ్చేసరికి ఆరు నెలలు పడుతుంది. మా పెట్రోలు కారు ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. మా బావమరిది వారానికొకసారి వచ్చి, పది నిమిషాలు ఇంజిన్ ఆన్ చేసి ఉంచి ఆపేస్తానంటున్నారు. అది సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: మీ బావమరిదిగారి శ్రద్ధ మెచ్చుకోదగినదే గాని, ఆ పది నిమిషాల పని మాత్రం వద్దని చెప్పండి. సరిగ్గా సిద్ధం చేసి ఆరు నెలలు ముట్టుకోకుండా వదిలేసిన ఇంజిన్ కంటే, వారం వారం స్టార్ట్ చేసి వేడెక్కకముందే ఆపేసిన ఇంజిన్‌కే ఎక్కువ చెరుపు జరుగుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజిన్, సైలెన్సర్ బాగా వేడెక్కి ఉన్నప్పుడు ఆ ఆవిరి అంతా బయటికి పోతుంది. పది నిమిషాలు నిలబెట్టి నడిపితే సైలెన్సర్ చివరి భాగం అంతగా వేడెక్కదు. కాబట్టి ఆ నీరు కొంత సైలెన్సర్‌లోనే నిలిచి లోపలినుంచి తుప్పు పట్టిస్తుంది, కొంత పిస్టన్ల పక్కనుంచి జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. చల్లని ఇంజిన్‌కు మొదట్లో పెట్రోలు మోతాదు ఎక్కువగా అందుతుంది గనుక, మండని పెట్రోలు కూడా కొంత ఆ ఆయిల్‌లోకే చేరుతుంది. ఆయిల్ కనీసం అరగంట పాటు బాగా వేడిగా ఉంటే తప్ప ఇవేవీ బయటికి పోవు.

బ్యాటరీ నిండుతుంది కదా అని మీరు అడగవచ్చు. ఆ లెక్క కూడా చూద్దాం. తాళం తీసేసిన తరువాత కూడా అలారం, గడియారం, సెంట్రల్ లాకింగ్, ఇంజిన్ కంప్యూటర్ వంటివి కొద్దికొద్దిగా కరెంటు తీసుకుంటూనే ఉంటాయి. అది 30 మిల్లీ ఆంపియర్లు అనుకున్నా వారానికి 5 ఆంపియర్-అవర్లు ఖర్చవుతాయి. చిన్న పెట్రోలు కార్లలో ఉండే 35 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో ఇది ఏడో వంతు. బండి కదలకుండా ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు, బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ పది నిమిషాల్లో తిరిగి ఇచ్చేది అందులో సగం కూడా ఉండదు. అంటే ప్రతి వారం సగం అప్పు మిగిలిపోతూ ఉంటుంది. నాలుగైదు వారాలు గడిచాక ఒకరోజు సెల్ఫ్ కొడితే టిక్ టిక్ మని శబ్దం వచ్చి ఆగిపోతుంది.

కాబట్టి మీ ముందున్న దారులు రెండే. మొదటిది, మీ బావమరిదిగారు పదిహేను రోజులకొకసారి కారు తీసి సామర్లకోట దాకా నడిపి తీసుకురావడం. దానికి ఆయన లైసెన్సు, కారు బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ అన్నీ చెల్లుబాటులో ఉండాలి. రెండోది, కారును పూర్తిగా సిద్ధం చేసి ఆరు నెలలు అలాగే వదిలేయడం. ఆయనకు ఇన్నాళ్లూ ఓపిక ఉంటుందన్న నమ్మకం మీకు పూర్తిగా ఉంటే తప్ప రెండో దారే మంచిదని నా అభిప్రాయం. అప్పుడు చేయవలసిన పనులు చెబుతాను.

బయలుదేరడానికి వారం ముందు ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్పించండి. వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్ల గుణం ఉన్న మలినాలు చేరి ఉంటాయి. నెలల తరబడి అవి బేరింగుల మీద కూర్చుని ఉండటం మంచిది కాదు. తిరిగి వచ్చాక మారుద్దాంలే అని వాయిదా వేయడంలో ఏ ఆదా లేదు. రేడియేటర్‌లో ఎప్పుడో మంచినీళ్లు కలిపి ఉంటే దాన్ని తీసేసి సరైన కూలెంట్ నింపించండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది గనుక, మార్చి రెండేళ్లు దాటితే అదీ మార్పించడమే మేలు.

కారు కడిగించేటప్పుడు కింది భాగాన్ని, మడ్‌గార్డుల లోపలి అంచులను ప్రెషర్ వాటర్‌తో ప్రత్యేకంగా కడిగించండి. కాకినాడ గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ అంచుల్లో పేరుకున్న మట్టి ఆ ఉప్పును, తేమను పట్టి ఉంచుతుంది. కడిగిన వెంటనే షెడ్డులో పెట్టకుండా పది పదిహేను కిలోమీటర్లు నడిపితే బ్రేకులు, కింది భాగం ఆరిపోతాయి. ఆ ప్రయాణంలోనే పెట్రోలు ట్యాంకు ఫుల్ చేయించండి. ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, ఇథనాల్‌కు తేమను లాక్కునే గుణం ఉంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే అందులోని గాలి పగటి ఎండకు వ్యాకోచించి, రాత్రి చల్లబడి తేమను వదులుతుంది. నిండుగా ఉన్న ట్యాంకులో ఆ గాలికి చోటే ఉండదు. ఆరు నెలలకు ఇంత చాలు. ఏడాది దాటే పక్షంలో పెట్రోలు చెడిపోకుండా ఉంచే స్టెబిలైజర్ మందు కలిపించాలి. ఇంటికి వచ్చే చివరి పది నిమిషాలు ఏసీ ఆపి ఫ్యాను మాత్రం నడపండి. లోపలి కాయిల్ మీద తేమ ఆరిపోతే, మీరు తిరిగి వచ్చినప్పుడు ముక్కిన వాసన రాదు.

టైర్లలో గాలి కొంచెం ఎక్కువ కొట్టించండి. మామూలుగా 32 పీఎస్ఐ పెట్టేవారైతే 38 దాకా పెట్టవచ్చు గాని, టైరు పక్కన అచ్చు వేసి ఉన్న గరిష్ఠ పరిమితిని దాటకూడదు. టైరు నెలకు ఒకటి రెండు పీఎస్ఐ గాలి తనంతట తానే కోల్పోతుంది, ఒకే చోట బరువు మోసిన రబ్బరు అక్కడ చదునుగా మారుతుంది. మీ బావమరిదిగారికి ఏదో ఒక పని అప్పగించాలనుకుంటే ఇదిగో, నెలకొకసారి వచ్చి కారును మూరెడు ముందుకో వెనక్కో నెట్టమనండి. ఇంజిన్‌తో పనే లేదు. చక్రాలను లేపి కారును స్టాండ్ల మీద నిలబెట్టాలని కొందరు మెకానిక్‌లు చెబుతారు. ఆరు నెలలకు ఆ శ్రమ అక్కరలేదు.

హ్యాండ్ బ్రేకు వేయకండి. సముద్రతీరపు తేమలో వెనక చక్రాల బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుపోతాయి, తరువాత కారు కదిలిస్తే పెద్ద చప్పుడుతో ఊడటమో, లైనింగ్ ఊడి డ్రమ్ముకే మిగిలిపోవడమో జరుగుతుంది. మొదటి గేరులో పెట్టి, రెండు చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు అడ్డం పెట్టండి. ఇటుకలు పెడితే పెళుసుగా పగిలిపోతాయి. నెలకొకసారి కారును నెట్టేటప్పుడు మాత్రం గేరు న్యూట్రల్‌కు తెచ్చి, దిమ్మలు తీసి, ఆ తరువాత మళ్లీ అలాగే పెట్టమనండి.

చివరగా బ్యాటరీ. ముందు కిటికీ అద్దాలన్నీ మూసి, డిక్కీ మూసి, బానెట్ మాత్రం తెరిచి ఉంచండి. కనెక్షన్ తీశాక రిమోట్ పనిచేయదు, తలుపును తాళంచెవితోనే వేయాలి, తీయాలి. చాలా కార్లకు పది నంబరు స్పానర్ సరిపోతుంది. నెగటివ్ వైరునే ముందు తీయాలి. నెగటివ్ కారు బాడీకి కలిసి ఉంటుంది గనుక, పాజిటివ్ ముందు విప్పేటప్పుడు స్పానర్ ఇనుముకు తగిలితే నిప్పురవ్వలు లేస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. బ్యాటరీని బయటికి తీసి ఇంట్లో నీడపట్టున చెక్క మీద పెట్టి, రెండు నెలలకొకసారి బ్యాటరీ షాపులో చార్జింగ్ పెట్టించగలిగితే ఇంకా మంచిది. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.4 కంటే దిగనివ్వకండి. ఖాళీ బ్యాటరీని వారాల తరబడి వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, ఎంత చార్జింగ్ పెట్టినా మళ్లీ కోలుకోదు. టెర్మినళ్ల మీద పచ్చటి చిలుము ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజెలిన్ రాయండి.

స్టీరింగ్‌కు ఒక కాగితం కట్టి, హ్యాండ్ బ్రేకు వేయలేదని, గేరులో ఉందని, చక్రాలకు దిమ్మలు పెట్టారని, టైర్లలో గాలి ఎక్కువగా ఉందని రాసి పెట్టండి. ఆరు నెలల తరువాత, ఇరవై గంటల ప్రయాణం చేసి వచ్చిన అలసటలో ఇవేవీ గుర్తుండవు. షెడ్డు మూడు వైపులా తెరిచి ఉంటే నూలు గుడ్డ కవరు కప్పండి. ప్లాస్టిక్ పట్టా మాత్రం వద్దు, లోపలి చెమటతో పెయింటు కింద తుప్పు మొదలవుతుంది.

ప్రశ్న: మా వారు ప్రాజెక్టు పని మీద జర్మనీ వెళ్లారు, నేనూ వచ్చే నెల వెళ్తున్నాను. ఎనిమిది నెలలు ఉండము. మా డీజిల్ బండి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంటుంది. సెల్లార్‌లో ఎలుకలు ఎక్కువ, వానాకాలంలో నీళ్లూ వస్తాయి. బండి కదలదు గనుక బీమా ఆపేస్తే డబ్బు మిగులుతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకురాలు, మియాపూర్, హైదరాబాద్)

జవాబు: ముందు బీమా సంగతి. కదలని బండికి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. దొంగతనం, నిప్పు, వరద, మీద కూలే గోడ, ఇవన్నీ నిలబడి ఉన్న బండికే జరుగుతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో కురిసిన కుండపోతకు ఎన్నో సెల్లార్లలో కార్లు మునిగాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు మునిగిన వాహనాల్లో చాలావరకు ఇళ్ల ముందు నిలిపి ఉంచినవే. ఇలాంటి నష్టానికి పరిహారం ఇచ్చేది థర్డ్ పార్టీ పాలసీ కాదు, సొంత నష్టానికి తీసుకునే ఓన్ డ్యామేజ్ భాగం. పాలసీ గడువు మీరు లేని కాలంలో ముగిసేదైతే జర్మనీనుంచే ఆన్‌లైన్‌లో కట్టవచ్చు. గడువు దాటి 90 రోజులైతే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే ఇన్నేళ్లూ కూడబెట్టిన నో క్లెయిమ్ బోనస్ పోతుంది, మళ్లీ పాలసీ ఇవ్వడానికి కంపెనీ బండిని తనిఖీ చేస్తానంటుంది. ఎనిమిది నెలల ప్రీమియం మిగిల్చుకోబోయి అంతకంటే ఎక్కువ పోగొట్టుకుంటారు. ఇంజిన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవర్ కూడా తీసుకోండి. నీళ్లలో మునిగిన బండిని తెలియక స్టార్ట్ చేస్తే సిలిండర్లలో చేరిన నీరు నొక్కుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి, ఆ నష్టానికి మామూలు పాలసీ సాధారణంగా వర్తించదు. వాచ్‌మన్‌కు, అసోసియేషన్ కార్యదర్శికి ఈ ఒక్క మాట గట్టిగా చెప్పండి: నీళ్లు వచ్చినా, తగ్గినా, బండిని స్టార్ట్ చేయకూడదు, లాగించుకుపోవాలి.

అన్నిటికంటే మంచిది, నీళ్లు వచ్చే సెల్లార్‌లో వానాకాలమంతా బండి ఉంచకపోవడం. మీ అపార్ట్‌మెంట్‌లోనే స్టిల్ట్ అంతస్తులో చోటున్న వారితో ఎనిమిది నెలలకు మార్పిడి చేసుకునే వీలుందేమో కనుక్కోండి. బంధువుల ఇంటి పోర్టికో ఉన్నా సరే.

ఎలుకల విషయంలో జనం పొగాకు ఆకులు, కలరా ఉండలు, నానా రకాల స్ప్రేలు వాడుతుంటారు. ఇవి కొద్దిరోజులు పనిచేసినట్టే ఉంటాయి గాని, వాసన తగ్గగానే ఎలుకలు తిరిగి వస్తాయి. కలరా ఉండల ఆవిరి సీట్లకు పట్టి, ఆ తరువాత నెలల పాటు మీరే పీల్చవలసి వస్తుంది. విషం పెడితే ఎలుక ఏ డ్యాష్‌బోర్డు వెనకో చచ్చి, దాన్ని తీయడానికి సగం బండి విప్పవలసి వస్తుంది. నిజంగా పనిచేసేవి రెండే. ఒకటి, తిండి లేకుండా చేయడం. సీట్లను ముందుకు జరిపి వాటి పట్టాల మధ్య చూడండి. పిల్లలు తిన్న బిస్కట్ల పొడి, పెళ్లినుంచి వస్తూ చీరల మడతల్లోంచి రాలిన అక్షింతలు, గుడినుంచి తెచ్చిన కొబ్బరిముక్క ఎండిపోయి అక్కడే ఉంటాయి. ముందు బంపరుకు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండను కూడా తీసేయండి, దిష్టి సంగతి వచ్చాక చూసుకోవచ్చు. రెండు, దారి మూయడం. గాలి లోపలికి వెళ్లే గొట్టానికి, సైలెన్సర్ చివరకు సన్నటి ఇనుప జల్లెడ కట్టించి, కట్టిన చోట్లన్నీ ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కు తగిలించండి. బండి పక్కన బోను పెట్టి, దాన్ని చూసినందుకు వాచ్‌మన్‌కు నెలకింత అని ఇవ్వండి.

డీజిల్‌కు సంబంధించి ట్యాంకు నింపడం, ఫిల్టర్ అడుగున చేరిన నీటిని వదిలించడం ముఖ్యం. డీజిల్‌కూ నీటికీ మధ్య పొరలో సూక్ష్మజీవులు పెరిగి, బురద వంటి పదార్థం తయారై ఫిల్టర్‌ను మూసేస్తుంది. మీ బండి 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 రకమైతే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ దానికి ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి రోడ్డు మీద వేగంగా నడవాలి. ఐడిల్‌లో నడిపితే మసి చేరుతుందే గాని కాలదు. కాకినాడ పాఠకునికి పెట్రోలు కారు గురించి చెప్పినదానికంటే మీ బండికి ఇది ఇంకా గట్టిగా వర్తిస్తుంది.

ప్రశ్న: మాది ఎలక్ట్రిక్ కారు. మూడు నెలలు ఊళ్లో ఉండము. చార్జర్‌కు తగిలించి వెళ్లిపోతే చాలు కదా? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: చాలదు, పైగా అది మంచిది కూడా కాదు. లిథియం బ్యాటరీకి నూరు శాతం నిండి నెలల తరబడి ఉండటం, అదీ ఎండల్లో, ఆయుష్షు తగ్గించే పని. పూర్తిగా ఖాళీ చేయడం అంతకంటే చెడ్డది. 50 నుంచి 60 శాతం మధ్య ఉంచి, చార్జర్ తీసేసి, నీడలో నిలపండి. మీ కారు మాన్యువల్‌లో కంపెనీ వేరే అంకె ఇచ్చి ఉంటే దాన్నే పాటించండి. చాలామంది మరచిపోయేది ఇంకొకటి ఉంది. తలుపులు, తెరలు, కంప్యూటర్లు నడిచేది ఆ పెద్ద బ్యాటరీతో కాదు, మామూలు కార్లలో ఉండేలాంటి 12 వోల్టుల చిన్న బ్యాటరీతో. అది దిగిపోతే పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా కారు మేలుకోదు. ఫోన్ యాప్‌లో గంటగంటకూ కారు పరిస్థితి చూసుకునే అలవాటు కూడా ఆ చిన్న బ్యాటరీనే తింటుంది, దూరాన ఉన్నప్పుడు ఆ సరదా తగ్గించుకోండి. ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న చాలా కార్లలో అది కారు ఆపగానే దానంతట అదే పడుతుంది. వద్దనుకుంటే ఎలా విడిపించాలో మాన్యువల్ చూసి, దిమ్మలు పెట్టాకే విడిపించండి.

ప్రశ్న: రెండేళ్ల కిందట మా నాన్నగారు పోయినప్పటినుంచి ఆయన కారు తెనాలి దగ్గర మా ఊళ్లో, ధాన్యం కొట్టు పక్కన అలాగే ఉంది. పెట్రోలు బండి. సంక్రాంతికి వెళ్లినప్పుడు కొత్త బ్యాటరీ తీసుకెళ్లి స్టార్ట్ చేద్దామనుకుంటున్నాను. జాగ్రత్తలు చెప్పండి. (ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: కొత్త బ్యాటరీ పెట్టడం అన్నిటికంటే చివరి పని కావాలి. మొదట బానెట్ ఎత్తి టార్చిలైటు వేసి చూడండి. ధాన్యం కొట్టు పక్కనంటున్నారు గనుక ఎలుక గూడు ఉండే ఉంటుందనుకోండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తప్పకుండా విప్పి చూడాలి. వడ్లు, గడ్డి, చింకి గుడ్డలు అక్కడే పోగవుతాయి, అది చూడకుండా సెల్ఫ్ కొడితే ఆ చెత్త అంతా ఇంజిన్‌లోకి పోతుంది. పెట్రోలు గొట్టాలు కొరికి ఉన్నాయేమో, వైర్ల మీద తొడుగు లేచిపోయి రాగి కనిపిస్తోందేమో చూడాలి. కొరికిన పెట్రోలు గొట్టం, కొరికిన వైరు పక్కపక్కనే ఉన్న కారుకు బ్యాటరీ తగిలిస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

రెండేళ్ల నాటి పెట్రోలును పూర్తిగా తీయించేయండి. ట్యాంకు మూత తీసి వాసన చూస్తే పెట్రోలులా కాక పాత వార్నిష్‌లా వస్తే అది జిగురుగా మారిందన్నమాట, అప్పుడు పంపు, ఇంజెక్టర్లు కూడా శుభ్రం చేయించవలసి ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ కొత్తవి వేయించండి. ఆ తరువాత మెకానిక్ చేత స్పార్క్ ప్లగ్గులు తీయించి, ఒక్కో సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోయించి, ఇంజిన్‌ను చేత్తో రెండు మూడు చుట్లు తిప్పించాలి. అది సాఫీగా తిరిగితేనే ప్లగ్గులు పెట్టి బ్యాటరీ తగిలించాలి.

టైరు పక్కన ఉన్న నాలుగంకెల గుర్తు చూడండి. 2318 అని ఉంటే అది 2018లో 23వ వారం తయారైనదని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, రబ్బరు పగుళ్లు ఇచ్చి ఉంటే మార్చేయాలి. బ్రేకులను విప్పి చూపించకుండా రోడ్డు మీదికి రాకండి. మొదటిసారి ఊరి లోపలే, మనుషులు లేని చోట, సైకిల్ వేగంతో నడిపి నాలుగైదుసార్లు బ్రేకు నొక్కి చూడండి. డిస్కుల మీది పైపై తుప్పు మొదట గీసుకుపోతున్నట్టు శబ్దం చేస్తుంది, కాసేపటికి పోతుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగుతుంటే మాత్రం ఆపి మళ్లీ మెకానిక్‌ను పిలవాలి.

ఇంకొక సంగతి, మీరు అడగలేదు గాని చెప్పక తప్పదు. బండి ఇప్పటికీ మీ నాన్నగారి పేరు మీదే ఉండి ఉంటుంది. యజమాని మరణిస్తే వారసులు మూడు నెలల్లోపు ఫారం 31తో రవాణా కార్యాలయానికి దరఖాస్తు చేసి పేరు మార్పించుకోవాలి. మీకు ఆ గడువు దాటింది గనుక ఆలస్య రుసుము పడవచ్చు. మరణ ధ్రువపత్రంతో పాటు వారసత్వానికి సంబంధించిన పత్రాలు, తోబుట్టువులుంటే వారి అంగీకారం సిద్ధం చేసుకుని వెళ్లండి. బీమా కూడా ముగిసిపోయి ఉంటుంది. పేరు మార్పిడి, బీమా పూర్తయ్యేదాకా బండిని తెనాలి రోడ్డెక్కించకుండా, మెకానిక్‌నే ఊళ్లోకి రప్పించుకోండి. ఈ కాగితాల పని సంక్రాంతి సెలవుల్లో కాదు, ఇప్పుడే మొదలుపెడితే పండుగ నాటికి బండి నడిపే వీలుంటుంది.